కుంటా కింటే నిజంగా ఉన్నాడా? అమెరికా చారిత్రక నవలల్లో నిజం ఎంత, కల్పన ఎంత

అలెక్స్ హేలీ 'రూట్స్'కి తెలుగు అనువాదమైన 'ఏడుతరాలు' చదివి పక్కన పెట్టాక చాలామందికి వచ్చే మొదటి అనుమానం ఇదే. కుంటా కింటే అనే మనిషి నిజంగా ఉన్నాడా? గాంబియా నది దగ్గర జుఫూరే అనే పల్లెలో పుట్టాడు. డోలు చేసుకుందామని కర్ర కోసం అడవికి పోయి మనుషుల్ని పట్టేవాళ్లకు చిక్కాడు. ఓడ అడుగున గొలుసులతో సముద్రం దాటాడు. మళ్లీ మళ్లీ పారిపోయినందుకు ఒక పాదాన్ని సగానికి నరికేశారు. సహవాసి తెలుగులో చదువుతుంటే అతను మన ఇంటి ముత్తాతే అనిపిస్తాడు. అలాంటివాడు అసలు లేడంటే మనసు చివుక్కుమంటుంది.

ఉన్నాడు అంటే పూర్తి నిజం కాదు. లేడు అన్నా పూర్తి నిజం కాదు. మూల రచయిత అలెక్స్ హేలీ ఇది తన తల్లి వైపు వంశ చరిత్ర అని చెప్పాడు. 1976లో 'రూట్స్' వచ్చినప్పుడు న్యూయార్క్ టైమ్స్ దాన్ని నవలల జాబితాలో కాకుండా వాస్తవ గ్రంథాల జాబితాలో చేర్చింది. హేలీ మాత్రం ఫ్యాక్ట్, ఫిక్షన్ రెండూ కలిపి 'ఫ్యాక్షన్' అన్నాడు. మన దగ్గర ఆ మాట వినగానే సుమోలు, నాటుబాంబులు గుర్తొస్తాయి కాబట్టి దాన్ని అక్కడే వదిలేద్దాం.

పుస్తకం పేరు తెచ్చుకున్నాక పరిశోధకులు పాత దస్తావేజులు తిరగేశారు. హేలీ లెక్కలో కుంటాని తెచ్చిన ఓడ 'లార్డ్ లిగోనియర్', 1767 సెప్టెంబర్ 29న మేరీల్యాండ్‌లోని అనాపొలిస్ రేవుకు చేరింది. ఓడ నిజం, తేదీ నిజం. అయితే వర్జీనియాలో, నవల్లో కుంటా యజమానులైన వాలర్ కుటుంబం కాగితాల్లో 'టోబీ' అనే బానిస పేరు ఆ ఓడ రాకముందు నుంచే ఉంది. యజమానులు కుంటాకి పెట్టిన పేరు టోబీయే కదా. ఓడ ఇంకా రేవుకే చేరలేదు, మనిషి అప్పటికే తోటలో పని చేస్తున్నాడు! అంటే ఈ ఇద్దరూ ఒకరు కావడానికి వీల్లేదు. దీనికి తోడు హరాల్డ్ కూర్లాండర్ అనే రచయిత, తన 1967 నాటి నవల్లోని భాగాలు ఇందులో ఉన్నాయని కోర్టుకెక్కాడు. 1978లో హేలీ 6,50,000 డాలర్లిచ్చి రాజీ చేసుకున్నాడు.

ఇదంతా తెలిశాక కొందరు పుస్తకాన్ని మోసం అన్నారు. ఇంకొందరు, లక్షల కుటుంబాల కథను ఒక్క మనిషిలో చూపించాడు, ఆ మనిషి పేరు టోబీ అయితేనేం, ఇంకొకటైతేనేం అన్నారు. ఈ రెండు మాటల మధ్య ఉన్న తగాదా 'ఏడుతరాలు' ఒక్కదానిది కాదు. అమెరికా గతం మీద వచ్చిన ప్రతి పెద్ద నవల దగ్గరా ఇదే పంచాయితీ. 2026 జులై 4తో ఆ దేశపు స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు. ఆ గతాన్ని పిల్లలకు ఎలా చెప్పాలనే గొడవ స్కూలు బోర్డుల్లో, లైబ్రరీల్లో, ఎన్నికల ప్రచారంలో నడుస్తూనే ఉంది. అందులో చాలాసార్లు బోనులో నిలబడేది చరిత్ర పుస్తకం కాదు, నవల.

ఎంత పాతదైతే 'చారిత్రకం'?

ముందు మాటకు అర్థం చూద్దాం. కథ జరిగిన కాలం, రచయిత రాస్తున్న కాలం వేరువేరుగా ఉండి, ఆ పాత కాలాన్ని రచయిత తన జ్ఞాపకంలోంచి కాకుండా వెతికి తెచ్చుకుని రాస్తే అది చారిత్రక నవల. ఎంత ఎడం ఉండాలన్నది తేలని విషయం. వాల్టర్ స్కాట్ 1814లో తన మొదటి నవలకు 'అరవై ఏళ్ల కిందటి మాట' అనే అర్థం వచ్చే ఉపశీర్షిక పెట్టాడు. ఆయన పేరు మీద బ్రిటన్‌లో ఇచ్చే బహుమతికి ఇప్పటికీ అరవై ఏళ్లే కొలత. హిస్టారికల్ నావెల్ సొసైటీ యాభై ఏళ్లు చాలంటుంది, లేదా ఆ సంఘటనలప్పుడు రచయిత పుట్టి ఉండకపోతే చాలంటుంది.

దీన్ని కొన్ని పుస్తకాల మీద పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. దుమ్ము తుపానులకు ఓక్లహామా వదిలి కాలిఫోర్నియాకు వలసపోయిన రైతుల మీద స్టైన్‌బెక్ రాసిన నవల 1939లో వచ్చింది. మనకు అది చరిత్ర. ఆయనకు మాత్రం నిన్నటి పేపరు వార్త. అందుకే అది చారిత్రక నవల కాదు, పాతబడిన సమకాలీన నవల. మార్క్ ట్వేన్ 'హకుల్‌బెరీ ఫిన్' దీనికి తలకిందులు. మనం దాన్ని ఆ కాలపు కథే అనుకుంటాం గానీ, పుస్తకం వచ్చిన 1880ల మధ్యనాటికి బానిసత్వం రద్దయి ఇరవై ఏళ్లు అయింది. కథ నలభై, యాభై ఏళ్ల కిందట జరిగిందని ముఖపత్రం మీదే వేశాడు. పారిపోతున్న బానిస జిమ్‌ని పట్టివ్వాలా వద్దా అని కుర్రాడు హక్ నలిగిపోతుంటే, దానికి చట్టం ఎప్పుడో జవాబు చెప్పేసిందని ఆనాటి పాఠకుడికి తెలుసు. ఆ వ్యంగ్యమంతా ఈ ఎడంలోనే ఉంది.

ఇంకో రకాన్ని దీంతో కలపకూడదు. 1940 ఎన్నికల్లో రూజ్‌వెల్ట్ ఓడిపోయి, వైమానికుడు లిండ్‌బర్గ్ అధ్యక్షుడైతే ఎలా ఉండేది అని ఫిలిప్ రాత్ 2004లో రాశాడు. జరగనిది జరిగితే అని ఊహించే ఇలాంటి కథల్లో తప్పులు వెతకడం దండగ. తప్పు చెప్పడమే వాటి పని.

ప్రతి నవలకూ రెండు సంవత్సరాలు

చారిత్రక నవల అట్ట తెరవగానే ఒక సంవత్సరం కనిపిస్తుంది, కథ జరిగేది. రెండోది కాపీరైట్ పేజీలో నలిపి వేసి ఉంటుంది, పుస్తకం వచ్చింది. నా మటుకు నేను రెండోదే ముందు చూస్తాను. గొడవ దాదాపు ఎప్పుడూ అక్కడి నుంచే మొదలవుతుంది.

సేలం సంగతి తీసుకోండి. 1692లో మసాచుసెట్స్‌లోని ఆ ఊళ్లో చేతబడి చేస్తున్నారనే ఆరోపణ మీద 19 మందిని ఉరి తీశారు. జైల్స్ కోరీ అనే ముసలాయన నేరం చేశాననో, చేయలేదనో చెప్పడానికి ఒప్పుకోకపోతే గుండెల మీద బండలు పేర్చి చంపారు. దీని మీద ఆర్థర్ మిల్లర్ రాసిన 'ద క్రూసిబుల్' 1953 నాటిది. నవల కాదు, నాటకం. అయినా మనం చెప్పుకుంటున్నదానికి ఇంతకంటే తేటైన ఉదాహరణ దొరకదు. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ల పిల్లలు హైస్కూల్లో చదివి, ఇంటికొచ్చి దీని గురించే అడుగుతుంటారు.

మిల్లర్ సేలం వెళ్లి కోర్టు రికార్డులు చదివాడు. నిందితుల పేర్లు, కోరీని చంపిన తీరు రికార్డు ప్రకారమే ఉంటాయి. మార్చిందేమిటంటే, ఆరోపణలు చేసిన పిల్లల్లో ఒకతె అయిన అబిగైల్‌కి అప్పుడు పదకొండో పన్నెండో ఏళ్లు. నాటకంలో పదిహేడు. రైతు జాన్ ప్రాక్టర్‌కి అరవై ఏళ్లుంటే, నాటకంలో ముప్పై దాటినవాడు. ఎందుకు మార్చాడో చెప్పక్కర్లేదు. వాళ్లిద్దరి మధ్య సంబంధం కల్పించాలి, ఆ అసూయలోంచి ఆరోపణ పుట్టాలి. అలాంటి సంబంధం ఉన్నట్టు రికార్డుల్లో ఎక్కడా లేదు. అబిగైల్ వయసు పెంచినట్టు మిల్లరే నాటకానికి ముందుమాటలో ఒప్పుకున్నాడు.

ఇప్పుడు 1953 వైపు తిరగండి. సెనెటర్ మెకార్తీ హవా నడుస్తున్న రోజులు. నీకు తెలిసిన కమ్యూనిస్టుల పేర్లు చెప్పు, వదిలేస్తాం అనే పద్ధతి. నాటకం చివర ప్రాక్టర్ తన తప్పు ఒప్పుకున్నట్టు సంతకం దాకా వస్తాడు గానీ, ఇంకొకరి పేరు చెప్పమంటే చెప్పడు. మూడేళ్ల తర్వాత, 1956లో, ప్రతినిధుల సభ కమిటీ ముందు మిల్లర్‌నీ అదే అడిగారు. ఆయనా చెప్పలేదు. ధిక్కార నేరం మోపారు, 1958లో పైకోర్టు కొట్టేసింది. ఆ నాటకాన్ని 1692 గురించి చదివితే తప్పులున్న పుస్తకం. 1953 గురించి చదివితే సాక్ష్యం.

అదే ఊరి నుంచి వచ్చిన హాథోర్న్ 1850లో 'ద స్కార్లెట్ లెటర్' రాశాడు. కథ 1640ల బోస్టన్‌ది. సేలం విచారణల్లో నిందితుల్ని నిలదీసిన జాన్ హాథోర్న్ ఆయన పూర్వీకుడే. నవలకు ముందు ఒక పొడుగాటి ప్రస్తావన ఉంటుంది. సేలం కస్టమ్స్ ఆఫీసు అటక మీద పాత కాగితాల్లో తనకు ఎర్ర గుడ్డ మీద కుట్టిన 'ఎ' అక్షరం దొరికిందని అందులో చెబుతాడు. ఆయన ఆ ఆఫీసులో ఉద్యోగం చేసింది నిజం. గుడ్డ కల్పన. నిజమైన ఆఫీసులో లేని గుడ్డను పెట్టడమన్నది ఈ రకం రచనలో పాతకాలం నుంచీ ఉన్న కిటుకే.

రెండు సంవత్సరాల లెక్కలో ఎక్కువ నష్టపోయింది మాత్రం ఆదివాసులు. 1757లో ఫ్రెంచివాళ్లు ఫోర్ట్ విలియం హెన్రీని ముట్టడించిన ఘట్టం మీద ఫెనిమోర్ కూపర్ 1826లో 'ద లాస్ట్ ఆఫ్ ద మోహికన్స్' రాశాడు. ముట్టడి జరిగింది. ఫ్రెంచి సేనాని మోంకామ్ ఉన్నాడు. ఇక నవల చివర్లో చనిపోయే యువకుడు అన్కస్, చివరి మోహికన్. ఆ పేరుతో నిజంగా ఉన్నది పదిహేడో శతాబ్దపు కనెక్టికట్ నాయకుడు, అతను మోహీగన్. పేర్లు దగ్గరగా ఉన్నా తెగలు వేరు. ఇక మోహికన్లు అంతరించనే లేదు. వాళ్ల వారసులు స్టాక్‌బ్రిడ్జ్-మన్సీ పేరుతో విస్కాన్సిన్‌లో ఈరోజుకీ ఉన్నారు. నవల వచ్చిన నాలుగేళ్లకు, 1830లో, ఆదివాసుల్ని మిసిసిపి నదికి పడమరగా తరలించే చట్టం మీద అధ్యక్షుడు జాక్సన్ సంతకం పెట్టాడు. పాపం, ఎలాగూ అంతరించిపోతున్న జాతి అని నవల చదివి కళ్లు తుడుచుకున్న జనానికి ఆ తరలింపు మరీ అంత కరుకుగా తోచి ఉండదు. కూపర్ ఆ చట్టం కోసం రాశాడని నేననను. కానీ రెండూ ఒకే గాలిలో పుట్టాయి.

ఇలాంటిదే ఒక చిన్న ముచ్చట. లారా ఇంగల్స్ వైల్డర్ 1935లో తన చిన్ననాటి కాన్సస్ గురించి పిల్లల కోసం రాస్తూ, అక్కడ మనుషులెవరూ లేరు, ఇండియన్లు మాత్రమే ఉన్నారు అనే అర్థంలో ఒక వాక్యం రాసింది. వాళ్ల కుటుంబం గుడిసె వేసుకున్నది ఓసేజ్ తెగ భూమిలో. పద్దెనిమిదేళ్ల దాకా ఆ వాక్యం ఎవరి కంట్లోనూ నలుసులా పడలేదు కాబోలు. ఒక పాఠకుడి ఉత్తరం తర్వాత 1953 ముద్రణలో 'మనుషులు' తీసి 'వలస వచ్చినవాళ్లు' అని మార్చారు.

వివరాలన్నీ సరిగ్గా ఉన్నా బొమ్మ తప్పు కావచ్చు

అట్లాంటాలో పుట్టి పెరిగిన మార్గరెట్ మిచెల్, అంతర్యుద్ధంలో పోరాడిన దక్షిణాది ముసలివాళ్ల ఒళ్లో కూర్చుని యుద్ధం కథలు విన్నది. దక్షిణం ఓడిపోయిందన్న సంగతి మాత్రం పదేళ్లొచ్చేదాకా తనకు ఎవరూ చెప్పలేదని ఆమే చెప్పుకుంది. ఆమె 1936లో రాసిన 'గాన్ విత్ ద విండ్' మరుసటి ఏడాది పులిట్జర్ గెలిచింది. 1864 అట్లాంటా ముట్టడి, గాయపడినవాళ్లతో నిండిపోయిన రైలు స్టేషను, పొలంలో మిగిలిన ముల్లంగి పీక్కుతినే ఆకలి, వీటిలో వంక పెట్టడానికి పెద్దగా దొరకదు.

మరి తగాదా ఎక్కడ? ఇక్కడ ఒక మాట తెలియాలి. యుద్ధం ఓడిపోయాక దక్షిణాదిలో పెరిగిన ఒక నమ్మకాన్ని అక్కడ 'లాస్ట్ కాజ్' అంటారు. మేం పోరాడింది బానిసత్వం కోసం కాదు, మా రాష్ట్రాల హక్కుల కోసం. మా బానిసలు మా దగ్గర సుఖంగానే ఉన్నారు. ఉత్తరాది వాళ్లొచ్చి అంతా చెడగొట్టారు. ఇదీ దాని సారం. విడిపోయినప్పుడు ఆ రాష్ట్రాలు రాసుకున్న పత్రాలు వేరే చెబుతాయి. తమ నిలువెల్లా బానిసత్వంతోనే ముడిపడి ఉందని మిసిసిపి 1861లో దాపరికం లేకుండా రాసింది. మిచెల్ నవల్లో ఆ పత్రం నీడ కూడా కనిపించదు. కథానాయికను పెంచిన బానిస మామీ, విముక్తి పొందాక కూడా యజమానురాలిని వదలదు.

అందుకే వివరాల్లో కచ్చితత్వం వేరు, మొత్తం చిత్రంలో కచ్చితత్వం వేరు. గౌన్లు, తుపాకులు, తేదీలు సరిచూడటం తేలిక. ఏది కథ మధ్యలో ఉంది, ఎవరు వంటింట్లో ఉండిపోయారు అన్నది సరిచూడటం కష్టం. 1939 డిసెంబర్‌లో దీని సినిమా మొదటి ప్రదర్శన అట్లాంటాలో జరిగితే, మామీ వేషం వేసిన హాటీ మెక్‌డానియల్ వెళ్లలేకపోయింది. అక్కడి హాల్లో నల్లవాళ్లు తెల్లవాళ్లతో కలిసి కూర్చోకూడదు. ఆ పాత్రకే కొన్ని నెలల్లో ఆస్కార్ వచ్చింది, నల్లజాతి నటికి వచ్చిన మొదటి ఆస్కార్.

2001లో ఆలిస్ రాండల్ ఆ వంటింటి వైపు నుంచి కథ చెప్పింది. చెప్పేది మామీ కూతురు, కథానాయికకు సవతి చెల్లెలు. మిచెల్ వారసత్వ హక్కుదారులు కాపీరైట్ కేసు వేశారు. కింది కోర్టు పుస్తకాన్ని ఆపింది, పై కోర్టు వదిలింది, 2002లో రాజీ కుదిరింది. ఒక కల్పిత తోట మీద రెండో కల్పితగాథ చెప్పే హక్కు ఎవరిదని కోర్టు తేల్చాల్సి వచ్చిందంటే, ఆ మొదటి కల్పన జనం బుర్రల్లో ఎంతగా చరిత్రై కూర్చుందో చూడండి.

పేరు రాయని గడి

1850, 1860 జనగణనల్లో అమెరికా ప్రభుత్వం బానిసల కోసం వేరే ఫారం పెట్టింది. ఒక పేజీ చూస్తే విషయం అర్థమవుతుంది. ఎడమ చివర యజమాని పేరు. దాని పక్కన అంకె. తర్వాత వయసు, ఆడా మగా, నలుపా చామనా. పారిపోయినవాళ్లకు ఒక గడి, విడుదలైనవాళ్లకు ఒక గడి, చెవుడు, గుడ్డి, మతిస్థిమితం లేనివాళ్లకు ఇంకో గడి. మనిషి పేరుకు గడి లేదు. '35 మగ', '30 ఆడ', '8 మగ', '2 ఆడ' అని వరసగా ఉంటుంది. అదొక కుటుంబమా, సంతలో వేర్వేరుగా కొన్నవాళ్లా అన్నది ఆ కాగితం చెప్పదు. 1860 నాటికి ఇలా అంకెల్లో ఉన్నవాళ్లు దాదాపు 40 లక్షల మంది. వాళ్లలో చాలామంది పేర్లు మొదటిసారి సెన్సస్‌కి ఎక్కింది 1870లో. తమ వంశవృక్షం వెతుక్కునే నల్లజాతి కుటుంబాలు ఇప్పటికీ ఆ 1870 దగ్గరే గోడకు గుద్దుకుంటాయి. హేలీ దాటబోయింది ఆ గోడనే.

ఈ గడి చూశాక, నవలా రచయిత ఉన్న చరిత్రను వక్రీకరిస్తాడు అనే ఫిర్యాదు ఇక్కడ అతకదు. వక్రీకరించడానికి రాసి ఉంటే కదా.

టోనీ మోరిసన్ ఏం చేసిందో చూద్దాం. 1974లో నల్లవాళ్ల చరిత్రకు చెందిన పాత బొమ్మలు, కాగితాలతో వచ్చిన ఒక సంకలనానికి ఆమె ప్రచురణ సంస్థ తరఫున ఎడిటర్. ఆ పనిలో ఆమెకు 1856 నాటి పత్రిక ముక్క ఒకటి తగిలింది. మార్గరెట్ గార్నర్ అనే బానిస యువతి భర్తతో, పిల్లలతో కెంటకీ నుంచి గడ్డకట్టిన ఒహాయో నది మీద రాత్రి నడిచి అవతల సిన్సినాటి చేరింది. ఒహాయోలో బానిసత్వం లేదు. అయినా 1850 చట్టం ప్రకారం పారిపోయిన బానిసను ఏ రాష్ట్రంలోనైనా పట్టుకుని వెనక్కి పంపొచ్చు. దాక్కున్న ఇంటిని చుట్టుముట్టారు. వాళ్లు లోపలికి వచ్చేలోగా ఆమె తన రెండేళ్ల కూతుర్ని కత్తితో చంపేసింది. మిగతా పిల్లల్నీ చంపబోతుంటే పట్టుకున్నారు.

తర్వాత కోర్టులో నడిచిన వాదన ఎవరూ కల్పించలేనిది. ఒహాయో ఆమెను హత్య నేరం కింద విచారించాలంది. హత్య చేసిందంటే ఆమె మనిషి. కెంటకీ యజమాని తన ఆస్తి తనకిమ్మన్నాడు. ఆస్తి అయితే నేరం చేయలేదు, నష్టం చేసింది. చివరికి ఆస్తి వాదనే గెలిచింది. ఆమెను వెనక్కి పంపారు, దక్షిణానికి తరలించారు, 1858లో టైఫాయిడ్‌తో పోయింది.

1987లో వచ్చిన 'బిలవ్డ్' ఈ ఘటన మీద నిలబడిన నవలే. కానీ మోరిసన్ గార్నర్ జీవితం గురించి కావాలనే ఎక్కువ వెతకలేదు. నవల్లో ఆ తల్లి పేరు సెథీ, ఆమెను వెనక్కి పంపరు. సిన్సినాటిలోనే ఉంటుంది. కథ నడిచేది 1873లో, బానిసత్వం పోయాక, పద్దెనిమిదేళ్ల తర్వాత. చనిపోయిన బిడ్డ దెయ్యమై, పిల్లయి, ఇంటికొస్తుంది. గార్నర్‌కి దొరకని పద్దెనిమిదేళ్లను మోరిసన్ సెథీకి ఇచ్చి, ఆ పని చేసిన తల్లి తర్వాత ఎలా బతుకుతుందని అడిగింది. పత్రికలో ఆ ప్రశ్న లేదు, కోర్టు కాగితాల్లో లేదు. దెయ్యం చరిత్ర కాదని ఎవరైనా అంటే కాదనలేం. కానీ ఇంతకంటే చరిత్రకు దగ్గరగా వెళ్లిన పుస్తకం నేను చదవలేదు.

ఈ పుస్తకమే తర్వాత వర్జీనియా రాజకీయాల్లో నలిగింది. స్కూల్లో ఇచ్చే పుస్తకాల్లో లైంగిక సన్నివేశాలుంటే తల్లిదండ్రులకు ముందే చెప్పాలంటూ 2016లో అక్కడ ఒక బిల్లు పాసైంది. జనం దాన్ని 'బిలవ్డ్ బిల్లు' అన్నారు. గవర్నర్ మెకాలిఫ్ వీటో చేశాడు. 2021 గవర్నర్ ఎన్నికల్లో అది మళ్లీ ప్రచారాస్త్రమైంది. పదిహేడేళ్ల పిల్లాడికి ఈ హింస తట్టుకోవడం కష్టమనీ, తమకు చెప్పి చదివించమనీ అడిగిన తల్లిదండ్రులు అందరూ చరిత్రను దాచాలని కోరినవాళ్లు కారు. అవతలివాళ్లు అడిగేదీ తీసేయలేం. ఆ హింస అనుభవించిన పిల్లల వయసు ఎంత?

నాట్ టర్నర్ నోట్లో ఎవరి మాటలు

1831 ఆగస్టులో వర్జీనియాలోని సౌతాంప్టన్ కౌంటీలో నాట్ టర్నర్ అనే బానిస బోధకుడు తిరుగుబాటు చేశాడు. దాదాపు 55 మంది తెల్లవాళ్లు చనిపోయారు. ప్రతీకారంగా ఎంతోమంది నల్లవాళ్లని చంపారు. టర్నర్ రెండు నెలలు దాక్కుని దొరికాడు. నవంబర్ 11న ఉరి తీశారు. ఉరికి ముందు జైల్లో థామస్ గ్రే అనే తెల్ల లాయరు అతని 'ఒప్పుకోలు' రాసుకుని అచ్చేయించి అమ్ముకున్నాడు. టర్నర్ గురించి మనకున్న పెద్ద ఆధారం ఇదే. అందులో ఎంత టర్నర్, ఎంత గ్రే?

విలియం స్టైరన్ వర్జీనియాలో పుట్టిన తెల్ల రచయిత. 1967లో ఆయన టర్నర్ గొంతుతో, 'నేను' అంటూ నవల రాశాడు. పులిట్జర్ వచ్చింది. 1968లోనే పదిమంది నల్లజాతి రచయితలు కలిసి దానికి జవాబుగా ఒక పుస్తకం వేశారు. వాళ్ల అభ్యంతరాలు గాలిమాటలు కావు. టర్నర్‌కి భార్య ఉందని చెప్పే ఆధారాలు ఉన్నాయి, నవల్లో లేదు. దాని బదులు మార్గరెట్ వైట్‌హెడ్ అనే తెల్ల యువతి మీద వ్యామోహం పెట్టాడు. రికార్డు ప్రకారం టర్నర్ తన చేతులతో చంపింది ఆమెనే. ఒక విప్లవకారుడి కోపానికి కారణం బానిసత్వం కాకుండా తీరని కోరికగా మారిపోయిందని వాళ్ల బాధ.

స్టైరన్ ముందే తన పుస్తకాన్ని చారిత్రక నవల అనడం కంటే చరిత్ర మీద మననం అనడం సబబని రాసుకున్నాడు. నల్లజాతి రచయితల్లోనే జేమ్స్ బాల్డ్‌విన్ ఆయన వైపు నిలిచాడు. ఇది రెండు జాతులకూ ఉమ్మడి చరిత్ర, దాన్ని రాయడం మొదలైంది అన్నది బాల్డ్‌విన్ ఉద్దేశం. ఎవరి కథ వాళ్లే రాసుకోవాలి అనే గీత గీస్తే సాహిత్యమే ఉండదన్నది ఒక వాదం. 1831లో తెల్ల లాయరు, 1967లో తెల్ల నవలాకారుడు, టర్నర్ నోరు ఇంకెప్పుడు తెరుచుకుంటుందన్నది రెండోది. నాకు రెండో ప్రశ్నే బరువుగా తోస్తుంది. అలాగని స్టైరన్ రాయకూడదని చెప్పే ధైర్యమూ లేదు.

నవల ముందు, చరిత్రకారులు వెనక

ఎప్పుడూ రచయితే రికార్డును దాటి పోతాడనుకుంటే పొరపాటు. ఒక్కోసారి రికార్డును నమ్మింది రచయితే.

స్వాతంత్ర్య ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్‌కి తన బానిస శాలీ హెమింగ్స్‌తో పిల్లలున్నారని 1802లోనే పత్రికలో వచ్చింది. 1853లో విలియం వెల్స్ బ్రౌన్, బానిసత్వం నుంచి తప్పించుకున్న మనిషి, జెఫర్సన్ కూతురు కథగా నవల రాశాడు. 1873లో శాలీ కొడుకు మాడిసన్ తన తండ్రి జెఫర్సనే అని ఒహాయో పత్రికకు చెప్పాడు. జెఫర్సన్ మీద పెద్ద పుస్తకాలు రాసిన చరిత్రకారుల్లో చాలామంది ఆ మాటను పక్కకు నెట్టేశారు. 1979లో బార్బరా చేజ్-రిబో శాలీ మీద నవల రాస్తే మండిపడ్డారు. 1998లో డీఎన్ఏ పరీక్షలో జెఫర్సన్ వంశానికీ శాలీ చిన్న కొడుకు వంశానికీ సంబంధం తేలింది. ఆ పరీక్ష ఒక్కటే ఫలానా జెఫర్సన్ అని చెప్పలేదు, మిగతా ఆధారాలు కలపాలి. 2000లో, జెఫర్సన్ ఇంటిని చూసుకునే ఫౌండేషనే ఆయన ఆ పిల్లల తండ్రి అయి ఉండే అవకాశమే చాలా ఎక్కువని ప్రకటించింది.

అక్కడితో నవల గెలిచిందనుకోవడానికి లేదు. చేజ్-రిబో దాన్ని ప్రేమకథగా చూసింది. శాలీ 1787లో ప్యారిస్ చేరేసరికి ఆమెకు పద్నాలుగేళ్లు, జెఫర్సన్‌కి నలభై నాలుగు, ఆమె చట్టప్రకారం అతని ఆస్తి. కాదనే హక్కు లేనప్పుడు అవును అన్నదానికి అర్థమేంటి? తండ్రెవరో డీఎన్ఏ చెప్పగలదు. ఆ ఇద్దరి మధ్య ఏముందో చెప్పలేదు.

కావాలనే చేసిన తప్పులు

ఈ మధ్య రచయితలు ఇంకో దారి పట్టారు. తప్పు దొరక్కుండా రాయడం మానేసి, తప్పును బల్ల మీద పెట్టేస్తున్నారు. 'అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్' అంటే నిజానికి బానిసలు తప్పించుకోవడానికి సాయం చేసిన రహస్య దారులు, ఇళ్లు, మనుషుల గుంపు. రైలు లేదు, పట్టాలు లేవు. కోల్సన్ వైట్‌హెడ్ 2016 నవల్లో మాత్రం నేల కింద నిజం రైలే నడుస్తుంది. ప్రతి స్టేషన్‌లో దిగితే వేరే కాలపు అమెరికా. ఒకచోట నల్లవాళ్ల మీద దొంగచాటుగా వైద్య ప్రయోగాలు జరుగుతుంటాయి. ఆ ప్రయోగాలు మనకు గుర్తుచేసే టస్కీగీ వ్యవహారం, అంటే సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవాళ్లకు చికిత్స ఇవ్వకుండా ప్రభుత్వమే గమనిస్తూ కూర్చున్న ప్రయోగం, నడిచింది 1932 నుంచి 1972 దాకా. నవల కాలానికీ దానికీ దాదాపు ఎనభై ఏళ్ల దూరం. ఇక్కడ తేదీ తప్పు అని రాసుకునే పాఠకుడు రైలు గురించి ఏమంటాడు?

పెర్సివల్ ఎవరెట్ 2024 నవల 'జేమ్స్' మళ్లీ హక్ ఫిన్ దగ్గరకే వెళ్లి, తెప్ప మీద ఉన్న రెండో మనిషి చేత కథ చెప్పించింది. అందులో జిమ్, అతనివాళ్లు తమలో తాము చక్కటి ఇంగ్లీషు మాట్లాడుకుంటారు, తెల్లవాళ్లు రాగానే యాస మార్చేస్తారు. పిల్లలకు ఆ యాసను పాఠం చెప్పినట్టు నేర్పిస్తారు. అలా జరిగిందనడానికి ఆధారం అడిగితే ఇంతే చెప్పగలం: యజమాని ముందు ఒకలా, ఇంట్లో ఒకలా మాట్లాడని పనివాడు ఎక్కడున్నాడు?

జూలీ ఓట్సుకా దీనికి విరుద్ధంగా చాలా తక్కువ గొంతుతో రాసింది. 1942లో అధ్యక్షుడి ఉత్తర్వుతో పశ్చిమ తీరంలోని జపాన్ సంతతి వాళ్లు దాదాపు 1,20,000 మందిని శిబిరాలకు తరలించారు. వాళ్లలో మూడింట రెండు వంతులు అమెరికా పౌరులే. 2002 నాటి ఆమె నవల్లో యూటా ఎడారి శిబిరానికి పోయే ఆ కుటుంబానికి పేర్లు లేవు. అమ్మ, అమ్మాయి, అబ్బాయి. అంతే. సెన్సస్ ఫారం పేర్లు దాస్తే మనుషులు మాయమయ్యారు. ఈమె అదే పని చేస్తే ఆ పిల్లాడు పక్కింటి పిల్లాడిలా అనిపిస్తాడు.

ఇంతకీ కుంటా?

హేలీ చెప్పిన గొలుసులో లంకెలు కొన్ని ఊడిపోయాయని ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పుకుంటారు. అనాపొలిస్ రేవులో, ఆ ఓడ వచ్చిన చోట, హేలీ కాంస్య విగ్రహం కూర్చుని పిల్లలకు పుస్తకం చదివి వినిపిస్తూ ఉంటుంది. గాంబియా నదిలో జుఫూరేకి ఎదురుగా ఒక చిన్న దీవి ఉంది. బానిసల్ని ఓడలెక్కించే ముందు ఉంచిన కోట శిథిలాలు అక్కడున్నాయి. తర్వాత ఇంగ్లండు రాజైన జేమ్స్ పేరుతో అది కొన్ని వందల ఏళ్లు జేమ్స్ దీవి. 2003లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడూ అదే పేరు. 2011లో గాంబియా ప్రభుత్వం ఆ రాజు పేరు తీసేసింది. ఇప్పుడు మ్యాప్ తెరిచి వెతికితే కనిపించేది కుంటా కింటే దీవి.